ఫ్యూచర్ పత్రికల సంస్థ: అమ్మినవాళ్లే మళ్లీ ఎందుకు కొన్నారు?

కాగితంపులి
నమస్కారం. ఆబిడ్స్ ఆదివారం సంతలో 'గిటార్ వరల్డ్' పాత సంచికలు ఒక కట్ట దొరికాయి. స్వరాల పేజీల కోసమే కొన్నాను గానీ, తిరగేస్తుంటే లోపల చీమతలకాయంత అక్షరాల్లో వేసే ప్రచురణకర్తల వివరాల దగ్గర చూపు ఆగింది. 2008 సంచికలో ఫ్యూచర్ అని ఉంది. 2014 సంచికలో న్యూబే మీడియా. 2019 సంచికలో మళ్లీ ఫ్యూచర్! పత్రిక తీరు చూస్తే యజమాని మారినట్టే అనిపించదు. అమ్మినవాళ్లే తిరిగి కొన్నారా? లాభం ఉంటే అమ్మడమెందుకు, లేకపోతే మళ్లీ కొనడమెందుకు? ఈ సంస్థ సంగతి తెలిసినవారు కాస్త వివరంగా చెప్పండి.

బ్రిస్టల్ వాసి
అవునండీ, అమ్మినవాళ్లే కొన్నారు. 2012లో ఫ్యూచర్ తన అమెరికా సంగీత పత్రికలను న్యూబేకు ఇచ్చేసింది. 2018లో ఆ న్యూబే సంస్థనే మొత్తంగా కొనేసింది. ఆ మాటకొస్తే 'గిటార్ వరల్డ్'ను పుట్టించింది కూడా ఫ్యూచర్ కాదు. 1980 నుంచి న్యూయార్క్‌లో హారిస్ పబ్లికేషన్స్ వారు నడిపారు, 2003లో ఫ్యూచర్ చేతికి వచ్చింది.

నేనుండే చోటికి బాత్ నగరం రైల్లో పావుగంట. ఫ్యూచర్ అక్కడే పెరిగింది. రోమన్ల కాలపు స్నానఘట్టాలు చూడటానికి జనం వచ్చే ఆ ఊళ్లోంచి కంప్యూటర్ గేముల పత్రికలు గంపలకొద్దీ బయటికి వచ్చాయంటే మొదట నేనూ నమ్మలేదు.

మొదలుపెట్టినది క్రిస్ ఆండర్సన్, 1985లో, సోమర్సెట్‌లోని సోమర్టన్ అనే చిన్న ఊళ్లో. బ్యాంకు అప్పు, ఒకే ఒక్క పత్రిక. దాని పేరు 'ఆమ్‌స్ట్రాడ్ యాక్షన్'. ఆమ్‌స్ట్రాడ్ కంప్యూటరు ఇంట్లో ఉన్నవాడికి తప్ప ఎవరికీ పనికిరాదు. ఈయనే తర్వాత టెడ్ ప్రసంగాల సంస్థను నడిపిన ఆండర్సన్. (అమెరికా 'వైర్డ్' పత్రిక ఒకప్పటి సంపాదకుడు క్రిస్ ఆండర్సన్ వేరే మనిషి, చాలామంది కలిపేస్తారు.) పుట్టింది పాకిస్తాన్‌లో, తండ్రి మిషనరీ కంటి వైద్యుడు, చదువు కొంతకాలం మన ముస్సోరీలోని వుడ్‌స్టాక్ స్కూల్లో.

సీడీల సుబ్బారావు
ఆ సంస్థ పత్రికలను నేను చదివినదానికంటే సీడీల కోసం కొన్నదే ఎక్కువ. టెలిఫోను లైను మీద ఇంటర్నెట్ నత్తనడక నడిచే రోజుల్లో ఒక లినక్స్ డిస్ట్రో (కంప్యూటరు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ కట్ట) దింపుకోవడం అయ్యే పనేనా? 'లినక్స్ ఫార్మాట్' అట్ట మీద అంటించిన డిస్కు దొరికితే నెల గడిచిపోయేది. పాత పుస్తకాల వాళ్ల దగ్గర కొనేటప్పుడు ముందు అట్ట తడిమి చూడాలి. డిస్కు పీకేసిన చోట రబ్బరులాంటి జిగురు ముద్ద మిగిలి, ముఖచిత్రం రంగు కొంత లేచిపోయి ఉంటుంది. అలాంటి సంచికకు సగం ధర కూడా ఎక్కువే అని నేను బేరమాడేవాణ్ణి.

ఆ అలవాటు ఆమ్‌స్ట్రాడ్ రోజుల్లోనే, క్యాసెట్లతో మొదలైంది. అట్టతో పాటు ప్రోగ్రాములు ఉచితంగా ఇవ్వడంలో ముందు నిలిచినవాళ్లలో వీళ్లూ ఒకరు. సోనీ ప్లేస్టేషన్ అధికారిక పత్రిక ఇంగ్లండ్ సంచికను నడిపే హక్కు వీళ్లకు దక్కాక ఇక చెప్పేదేముంది! 1999లో ఒక సంచిక నాలుగున్నర లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. అందులో 'మెటల్ గేర్ సాలిడ్' గేము నమూనా డిస్కు ఉంది.

సంశయం
అంటే వాళ్లు అమ్మింది పత్రిక కాదన్నమాట, డిస్కు. పత్రిక దానికి చుట్టిన కాగితం.

సీడీల సుబ్బారావు
@సంశయం గారూ, డిస్కు ఒక్కటే కారణమైతే డిస్కు లేని గేముల పత్రిక 'ఎడ్జ్' 1993 నుంచి ఇప్పటిదాకా ఎలా బతికింది? పది మార్కులకు ఆరు ఇచ్చి "బాగానే ఉంది" అని రాయగల ధైర్యం ఆ పత్రికది. మిగతావాళ్లంతా తొమ్మిదికి తక్కువ ఇవ్వని రోజులవి.

లెక్కల మాస్టారు
కాగితంపులి గారి ప్రశ్నకు జవాబు లెక్కల్లో దొరుకుతుంది. కాస్త ఓపిక పట్టండి.

1994లో ఆండర్సన్ కంపెనీని పియర్సన్‌కు అమ్మారు. మన కాలేజీ పుస్తకాల మీద కనిపించే పియర్సనే. ధర 5.27 కోట్ల పౌండ్లు. తొమ్మిదేళ్ల కిందట అప్పుతో మొదలైన వ్యాపారానికి అది గొప్ప ధరే. అప్పట్లో పెద్ద ప్రచురణ సంస్థలన్నిటికీ 'మల్టీమీడియా' పిచ్చి పట్టి ఉంది. నాలుగేళ్లకే పియర్సన్ మనసు మారింది. చదువుల వ్యాపారం మీద దృష్టి పెట్టాలనుకుని దీన్ని వదిలించుకుంది. కొన్నది ఎవరో తెలుసా? ఆ ఆండర్సనే. ముఖ్య కార్యనిర్వాహకుడు గ్రెగ్ ఇంగమ్, ఎపాక్స్ అనే పెట్టుబడి సంస్థతో కలిసి 1998లో 14.2 కోట్ల పౌండ్లకు కొన్నారు. తాను అమ్మిన ధరకు రెండున్నర రెట్లు కంటే ఎక్కువే పెట్టారు! ఆ మరుసటి ఏడాదే లండన్ స్టాక్ ఎక్స్ఛేంజీలో షేర్లు జనానికి అమ్మారు.

కాబట్టి తిరిగి కొనడం అనేది ఈ సంస్థకు పుట్టుకతో వచ్చిన అలవాటు. మీ 'గిటార్ వరల్డ్' మొదటిది కాదు.

కాగితంపులి
పియర్సన్‌కు లాభం, ఆండర్సన్‌కూ లాభం. మరి నష్టపోయింది ఎవరు?

లెక్కల మాస్టారు
1999, 2000లలో షేర్లు కొన్నవారు. డాట్‌కామ్ బుడగ (ఇంటర్నెట్ కంపెనీల షేర్ల మోజు) పగిలినప్పుడు ప్రకటనల ఆదాయం ఎండిపోయింది. ఆండర్సన్ అమెరికాలో ఇమాజిన్ మీడియా అనే సంస్థను విడిగా పెట్టి, తర్వాత ఫ్యూచర్‌లో కలిపారు. అక్కడినుంచి వచ్చిన 'బిజినెస్ 2.0' ఒకప్పుడు ప్రకటనలతో దిండులా లావుగా వచ్చేది. 2001లో దాన్ని ఏఓఎల్ టైమ్ వార్నర్‌కు 6.8 కోట్ల డాలర్లకు అమ్మేశారు. అదే ఏడాది ఆండర్సన్ కూడా తప్పుకున్నారు. ఆ ఇమాజిన్ మీడియాలోనే పుట్టి, వేరుపడి, తర్వాత మీడియా వ్యాపారి మర్డోక్ చేతికి పోయినది గేముల సమాచారమిచ్చే ఐజీఎన్ వెబ్‌సైటు. మర్డోక్ సంస్థ 2005లో దానికి 65 కోట్ల డాలర్లు పెట్టింది. ఇప్పుడది ఫ్యూచర్‌కు పోటీదారైన జిఫ్ డేవిస్ దగ్గర ఉంది. అంటే ఇంట్లో పుట్టిన బిడ్డే ఎదురింటి పోటీదారు.

బ్రిస్టల్ వాసి
ఒక్క మాట. ఇమాజిన్ అనే పేరుతో రెండు సంస్థలున్నాయి, కలవరపడకండి. పైన మాస్టారు చెప్పినది అమెరికాది. ఇంగ్లండ్‌లో బోర్న్‌మత్‌లో 2005లో పుట్టిన ఇమాజిన్ పబ్లిషింగ్ వేరు. ఆ ఏడాది హైబరీ హౌస్ అనే పోటీ సంస్థను మింగాలని ఫ్యూచర్ చూసింది. గేముల పత్రికలన్నీ ఒకే చేతిలోకి పోతాయని పోటీ నియంత్రణ అధికారులు అడ్డుపడటంతో మొత్తం సంస్థ దక్కలేదు, కొన్ని పత్రికలతో సరిపెట్టుకుంది. ఆ తర్వాత హైబరీ దివాలా తీస్తే మిగిలిన గేముల పత్రికలను కొత్తగా పెట్టిన ఈ ఇమాజిన్ వాళ్లు ఏరుకున్నారు. పదేళ్లకు, 2016లో, ఆ ఇమాజిన్‌నే ఫ్యూచర్ కొనేసింది. అప్పుడు దక్కనివి ఇలా చేరాయి.

ఇమాజిన్ వాళ్ల అసలు బలం నెలవారీ పత్రికలు కావు. చరిత్ర, అంతరిక్షం, యంత్రాలు ఎలా పనిచేస్తాయి లాంటి విషయాల మీద పుస్తకమంత లావుగా వేసే ప్రత్యేక సంచికలు. ఇక్కడ రైల్వే స్టేషన్ల దుకాణాల్లో పది పన్నెండు పౌండ్లకు పోతాయి. పాత వ్యాసాలనే సరిదిద్ది మళ్లీ అచ్చు వేయవచ్చు. తేదీ ఉండదు కాబట్టి నెల తిరగగానే చెత్తబుట్టలో పడవు.

మెటల్ మాధవి
డబ్బు లెక్కలు సరే, మా గోడు వినండి. రాక్ సంగీతం వినే మాకు 'క్లాసిక్ రాక్', 'మెటల్ హామర్' అంటే ప్రాణం. 2013లో ఫ్యూచర్ ఈ పత్రికలను టీమ్‌రాక్ అనే కొత్త సంస్థకు కోటీ రెండు లక్షల పౌండ్లకు అమ్మింది. రేడియో, వెబ్‌సైటు, పత్రిక అన్నీ కలిపి పెద్ద రాక్ సామ్రాజ్యం కడతామన్నారు. 2016 డిసెంబరులో, క్రిస్మస్‌కు కొద్ది రోజుల ముందు, సంస్థ మూతపడింది. 73 మంది ఉద్యోగాలు పోయాయి, జీతాలు కూడా చేతికి రాలేదు. ఆరెంజ్ గాబ్లిన్ బ్యాండు గాయకుడు బెన్ వార్డ్ ఇంటర్నెట్‌లో చందాలు ఎత్తితే చూస్తుండగానే 70 వేల పౌండ్లు దాటాయి. ఇచ్చినవారు పాఠకులు, బ్యాండ్లు.

మరుసటి నెల, 2017 జనవరిలో, ఫ్యూచర్ వచ్చి అవే పత్రికలను కొన్నది. ఎంతకు? ఎనిమిది లక్షల పౌండ్లకు!

సంశయం
కోటీ రెండు లక్షలకు అమ్మి ఎనిమిది లక్షలకు కొన్నారా? మా ఊరి వడ్డీ వ్యాపారులు వీళ్ల దగ్గర పాఠాలు నేర్చుకోవాలి.

పాత విలేకరి
నవ్వులాటకు బాగుంది గానీ దాని వెనక ఒక వాస్తవం ఉంది. ఆ నాలుగేళ్లలో ఆ పత్రికలను ప్రేమించే పాఠకులు మాయమైపోలేదు. మాయమైనది వాటి మీద మోపిన ఖర్చును తట్టుకునే శక్తి. ఒక సంగీత పత్రిక ఐదారుగురు జీతగాళ్లను, కొందరు బయటి రచయితలను పోషించగలదు. దాని మీద రేడియో కేంద్రం కడితే నడుం విరుగుతుంది. ఫ్యూచర్ తిరిగి తెచ్చుకున్నప్పుడు అచ్చు, పంపిణీ, ప్రకటనలు, వెబ్‌సైటు నడిపే యంత్రాంగం దాని దగ్గర అప్పటికే సిద్ధంగా ఉంది. కొత్త పత్రికను ఆ బండికి తగిలించడమే. అదే పత్రిక ఒకరి చేతిలో భారం, మరొకరి చేతిలో ఆదాయం. అమ్మడం కొనడం రెండూ సబబేనని అందుకే అంటాను.

2014లో సైకిళ్ల పత్రికలను, అల్లికల పత్రికలను ఇమ్మీడియట్ మీడియాకు 2.4 కోట్ల పౌండ్లకు అమ్మారు. అప్పుడు సంస్థ మునిగిపోయే స్థితిలో ఉంది, నగదు కావాలి. పరిస్థితి చక్కబడ్డాక, 2019లో, వాటిలో 'సైక్లింగ్‌న్యూస్', 'ప్రోసైక్లింగ్' రెండూ వెనక్కి తెచ్చుకున్నారు.

కాగితంపులి
మునిగిపోయేది ఎలా చక్కబడింది?

లెక్కల మాస్టారు
జిల్లా బింగ్-థార్న్ అనే ఆమె వల్ల. 2014లో ముఖ్య కార్యనిర్వాహకురాలయ్యారు. అంతకుముందు అక్కడే ఆర్థిక వ్యవహారాలు చూసేవారు. ఆమె పట్టుకున్న కిటుకు ఒక్కటే. "ఏ టీవీ కొనాలి" అని వెతికేవాడికి సమీక్ష చూపించి, ఆ పేజీలోనే దుకాణాల ధరలు పక్కపక్కన పెట్టడం. వాడు నొక్కి కొంటే సంస్థకు కమిషన్. ఆ ధరలను తెచ్చి పేజీలో పెట్టే సాఫ్ట్‌వేర్ వాళ్లు సొంతంగా తయారు చేసుకున్నదే, పేరు 'హాక్'. ఇక ఏ వెబ్‌సైటు కొన్నా దానికి ఈ యంత్రం బిగించడమే. 2018లో పర్చ్ సంస్థ వెబ్‌సైట్లు ('టామ్స్ గైడ్', 'టామ్స్ హార్డ్‌వేర్', 'స్పేస్.కామ్', 'లైవ్ సైన్స్') 13.25 కోట్ల డాలర్లకు. 2020లో టీఐ మీడియా 14 కోట్ల పౌండ్లకు. 2021లో గోకో అనే ధరలు పోల్చే సంస్థ 59.4 కోట్లకు, అదే ఏడాది డెన్నిస్ సంస్థ పత్రికలు 30 కోట్లకు. 2017లో 8.4 కోట్ల పౌండ్లున్న వార్షిక ఆదాయం 2024కు 78.8 కోట్లయింది.

వీటిలో నాకు నిద్రపట్టనివ్వనిది టీఐ మీడియా. అది ఒకప్పటి ఐపీసీ, బ్రిటన్ పత్రికారంగానికి పెద్ద దిక్కు. 1897 నాటి 'కంట్రీ లైఫ్', 1891 నాటి 'సైక్లింగ్ వీక్లీ', 1884 నాటి 'హార్స్ అండ్ హౌండ్' దానివే. 1998లో సిన్వెన్ అనే పెట్టుబడి సంస్థ 86 కోట్ల పౌండ్లకు కొన్నది. 2001లో టైమ్ సంస్థకు 115 కోట్లకు అమ్మింది. ఫ్యూచర్ కట్టింది 14 కోట్లు. మధ్యలో కొన్ని పత్రికలు మూతపడ్డాయి, కొన్నిటిని అమ్మేశారు, నిజమే. అయినా ఇరవై ఏళ్లలో నూరు కోట్ల పౌండ్ల విలువ ఆవిరైపోయింది. లాభపడినది 2001లో అమ్మినవాడు.

బ్రిస్టల్ వాసి
డెన్నిస్ కథ ఇంకా చిత్రమైనది. ఫెలిక్స్ డెన్నిస్ 1970లలో బ్రూస్ లీ గాలి వీచినప్పుడు 'కుంగ్ ఫూ మంత్లీ' వేసి పైకొచ్చిన మనిషి. మడిచింది విప్పితే గోడ మీద అంటించుకునే పెద్ద బొమ్మ అయ్యేది. తర్వాత కంప్యూటర్ పత్రికలు, 'మాక్సిమ్', 'ద వీక్'. డబ్బంతా చెట్లు నాటడానికి పెట్టాడు. 2014లో చనిపోతూ కంపెనీని తాను పెట్టిన అడవుల ట్రస్టు పేర రాశాడు. 2018లో సంస్థను ఎక్స్‌పోనెంట్ అనే పెట్టుబడిదారులకు అమ్మితే ఆ సొమ్ము ట్రస్టుకు చేరింది. మధ్య ఇంగ్లండ్‌లో ఈనాడు ఎదుగుతున్న ఒక అడవికి పెట్టుబడి పత్రికల చందాలే.

మా అమ్మాయికి ఆ డెన్నిస్ నుంచి వచ్చిన పిల్లల వారపత్రిక 'ద వీక్ జూనియర్' తెప్పిస్తాం. కవరు మీద తన పేరు ఉంటుంది కాబట్టి ముందు తనే చింపాలి. ఫోను ఇచ్చినా ఆ రోజు పక్కన పెడుతుంది.

అక్షర
మన 'చందమామ'కు కూడా ఇలాంటి యజమాని దొరికి ఉంటే? 1947లో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో మొదలుపెట్టినది. 1998లో ఆగి, మరుసటి ఏడాది మళ్లీ మొదలైంది. 2007లో ముంబయికి చెందిన జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ పెద్ద వాటా కొన్నది. డిజిటల్ చందమామ అన్నారు, ఫోన్లలో కథలన్నారు. చివరికి జియోడెసిక్కే దివాలా తీసింది, చందమామ ఆగిపోయింది.

పాత విలేకరి
@అక్షర గారూ, పోలిక కొంతవరకే నిలుస్తుంది. ఫ్యూచర్ పత్రికలన్నీ ఏదో ఒకటి కొనేవాడి కోసం. గిటారు, కెమెరా, సైకిలు, కంప్యూటరు. పాఠకుడి సరదా పక్కనే ఒక దుకాణం ఉంటుంది, ప్రకటన అక్కడినుంచి వస్తుంది. కథలు చదివే పిల్లవాడి పక్కన ఏ దుకాణం ఉంది? చందమామను బతికించాల్సింది చందాదారులు, చిల్లర అమ్మకాలు. ఆ బలం తగ్గాక ఏ యజమానికైనా కష్టమే. టీమ్‌రాక్‌తో మాత్రం జియోడెసిక్‌కు పోలిక కుదురుతుంది. రెండు చోట్లా పత్రిక కాదు, యజమాని మునిగాడు.

నిర్వాహకుడు
చందమామ గురించి విడిగా చర్చ తెరవండి, దయచేసి. దాని గురించి మొదలైతే ఇక్కడ ఫ్యూచర్ కనబడకుండా పోతుంది.

సంశయం
ఇంతమంది ఇంత పొగుడుతున్నారు కాబట్టి నేను అడ్డం తిరగక తప్పదు. ధరలు పోల్చే వెబ్‌సైటుకు 59 కోట్లు, 'కంట్రీ లైఫ్' సహా ఐపీసీ అంతటికీ 14 కోట్లు. వాళ్ల దృష్టిలో దేని విలువ ఎంతో అక్కడే తెలిసిపోయింది. సమీక్ష రాసేవాడికి, ఆ వస్తువు అమ్ముడైతే వచ్చే కమిషన్‌కు మధ్య గోడ ఎక్కడుంది? సుబ్బారావు గారు మెచ్చుకున్న "పదికి ఆరు" ఇప్పుడు ఎవరు ఇస్తారు? పైగా కొన్నవన్నీ బతికాయా? 'టోటల్ ఫిల్మ్' 1997 నుంచి వచ్చింది, 2024లో ఆపేశారు. 'ప్లే' కూడా అదే ఏడాది పోయింది. 'నెట్', ఎక్స్‌బాక్స్ అధికారిక పత్రిక 2020లోనే పోయాయి. షేరు సంగతి కూడా చెప్పండి మాస్టారూ.

లెక్కల మాస్టారు
2021లో 35 పౌండ్లు దాటిన షేరు 2023లో 10 పౌండ్ల కిందికి పడింది. బింగ్-థార్న్ 2023లో తప్పుకున్నారు. ఆమె జీతభత్యాల మీద అంతకుముందే వాటాదారులు గొడవ చేశారు. ఆమె తర్వాత జాన్ స్టైన్‌బర్గ్, 2025లో సంస్థ లోపలే ఎదిగిన కెవిన్ లీ యింగ్ వచ్చారు. సంశయం గారు అడిగిన గోడ సంగతి నేను తేల్చలేను. కానీ మొత్తం వ్యాపారం గూగుల్ వెతుకులాట మీద నిలబడి ఉంది. గూగుల్ లెక్క మార్చినా, సమాధానం తానే చెప్పేసినా, "ఏ టీవీ కొనాలి" అని వెతికేవాడు ఈ పేజీదాకా రాడు. కమిషన్ రాదు. మదుపరుల భయం అదే.

పాత విలేకరి
గోడ ఉండదు, నా అనుభవం చెబుతాను. నేను పనిచేసిన ఒక పత్రికలో (పేరు వద్దు) ప్రకటనల విభాగం వాళ్లు సమీక్ష అచ్చు కాకముందే చదివేవారు. అప్పటికి ఇంటర్నెట్ కమిషన్లు పుట్టనే లేదు. ఫుల్ పేజీ ప్రకటన ఇచ్చినవాడి స్కూటరుకు బ్రేకులు బాగాలేవని రాస్తే ఆ వాక్యం ఎగిరిపోయేది. కమిషన్ కొత్త రోగం కాదు, పాత రోగానికి కొత్త మందుచీటీ. ఒక తేడా మాత్రం ఉంది. ప్రకటనదారు ఒక్కడే అయితే వాడికి లొంగాలి. పది దుకాణాల ధరలు పక్కపక్కన ఉన్నప్పుడు ఎవడు అమ్మినా కమిషన్ వస్తుంది కాబట్టి ఒక కంపెనీ టీవీని పనిగట్టుకుని పొగడాల్సిన అవసరం తగ్గుతుంది. ఏదో ఒక టీవీ కొనిపించాల్సిన అవసరం మాత్రం పెరుగుతుంది. "ఈ ఏడాది ఏదీ కొనకండి, పాతదే చాలు" అని ఇక ఎవరూ రాయరు.

మెటల్ మాధవి
'క్లాసిక్ రాక్'లో టీవీలు అమ్మరు కదండీ. ఆల్బమ్ బాగాలేకపోతే బాగాలేదనే రాస్తున్నారు. ఎనిమిది లక్షలకు కొన్నది వాళ్ల తెలివి కావచ్చు, కానీ ఆ జనవరిలో వాళ్లు రాకపోతే నా బల్ల మీద ఆ పత్రిక ఉండేది కాదు. నాకు అంతే చాలు.

సంశయం
వచ్చే జనవరిలో వాళ్లే అమ్మేస్తే?

మెటల్ మాధవి
అమ్మనివ్వండి. మళ్లీ కొంటారు, అలవాటేగా.

కాగితంపులి
అందరికీ ధన్యవాదాలు. సుబ్బారావు గారి మాట విని 'ఎడ్జ్' చదవాలనిపిస్తోంది. హైదరాబాదుకు తెప్పించుకోవచ్చా?

బ్రిస్టల్ వాసి
'మ్యాగజైన్స్ డైరెక్ట్' అనే వాళ్ల వెబ్‌సైటులో చందా కట్టాలి. అది కూడా టీఐ మీడియాతో పాటు చేతికొచ్చినదే. ఏడాదికి 13 సంచికలు. విదేశాలకు తపాలా ఖర్చు పత్రిక ధరతో పోటీ పడుతుంది, డిజిటల్ సంచిక అయితే ఆ బాధ లేదు.

సీడీల సుబ్బారావు
డిజిటల్ వద్దండీ. కొన్ని నెలలు ఆగితే ఆబిడ్స్‌కే వస్తుంది. అట్ట తడిమి చూడాల్సిన పని కూడా లేదు, దానికి డిస్కు ఉండదు.